గర్భిణుల రక్తహీనత నుంచి ఫోలిక్ ఆమ్లం దాకా: ఒక పరిశోధన సమస్య చరిత్ర



కొన్నేళ్ల క్రితం ఒక ఉన్నత పాఠశాలలో ప్రసంగించడానికి వెళ్లాను. మధ్యాహ్న భోజనాలు అయ్యాక అక్కడి టీచరుగారు తొమ్మిదో తరగతి పిల్లలను వరసలో నిలబెట్టి నీలం రంగు మాత్రలు పంచుతున్నారు. ఇనుము, ఫోలిక్ ఆమ్లం కలిసిన మాత్రలవి. ఒక అమ్మాయి మాత్రను అరచేతిలో పెట్టుకుని, "మా అక్క కడుపుతో ఉన్నప్పుడు ఆసుపత్రిలో ఇచ్చిన మందే కదండీ ఇది! రంగే వేరు. నాకెందుకు?" అని అడిగింది. పక్కనున్న పిల్లలు నవ్వారు. "రక్తం పడుతుంది, వేసుకో" అన్నారు టీచరుగారు.

ఆ జవాబు సరైనదే, కానీ అందులో సగమే ఉంది. మిగతా సగం చెప్పడానికి ఆ రోజు నాకు వ్యవధి లేకపోయింది. ఆ సగం వెనుక 60 ఏళ్ల పరిశోధన ఉంది. అందులో బొంబాయి మిల్లుల్లో పనిచేసిన పేద స్త్రీలున్నారు, ఒక ఆంగ్ల వైద్యురాలు ఉంది, భీమవరంలో పుట్టిన ఒక శాస్త్రవేత్త ఉన్నాడు. ఏడు దేశాల్లోని 1817 మంది తల్లులు కూడా ఉన్నారు. ఈ ప్రసంగంలో ఆ కథ చెప్పుకుందాం. వింటున్నప్పుడు ఒక విషయం గమనించండి. పరిశోధనలో సమస్య ఒకేసారి పరిష్కారం కాదు. ఒక ప్రశ్నకు జవాబు దొరికితే దాని వెనుక ఇంకో ప్రశ్న నిలబడి ఉంటుంది.

బొంబాయి ప్రసూతి వార్డులు

1920లలో మన దేశంలో కాన్పు అంటే ప్రాణగండమే. గర్భిణుల్లో కొందరికి ఒళ్లు తెల్లగా పాలిపోయేది, కాళ్లు వాచేవి, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. చాలామంది కాన్పుకు ముందో, కాన్పయిన కొద్ది రోజులకో చనిపోయేవారు. ఈ జబ్బును వైద్యులు 'గర్భిణుల ప్రాణాంతక రక్తహీనత' అనేవారు.

ఈ రక్తహీనతలో ఒక విచిత్రం ఉంది. మామూలుగా ఇనుము లోపిస్తే ఎర్ర రక్తకణాలు చిన్నవిగా, పాలిపోయి ఉంటాయి. ఈ స్త్రీల రక్తాన్ని సూక్ష్మదర్శిని కింద చూస్తే కణాల సంఖ్య బాగా తక్కువ, కానీ ఒక్కొక్క కణం ఉండవలసిన దానికంటే పెద్దది. అందువల్ల దీనికి కారణం ఇనుము లోపం మాత్రమే కాదని తెలిసింది. మరి లోపించింది ఏది? మన మొదటి ప్రశ్న ఇదే.

ప్రసూతి మరణాలపై విచారణలో భాగంగా, మార్గరెట్ బాల్ఫోర్ అనే వైద్యురాలి ప్రోత్సాహంతో 1928లో లూసీ విల్స్ ఇంగ్లండు నుంచి బొంబాయి వచ్చింది. విల్స్ 1888లో పుట్టింది. కేంబ్రిడ్జిలో వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం చదివి, ఆ తర్వాత లండన్‌లో వైద్యవిద్య పూర్తి చేసింది. బొంబాయిలో ఆమె ప్రయోగశాల హాఫ్‌కిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండేది. మన దక్షిణాదికి కూడా ఆమె వచ్చింది. 1929లో కొన్ని నెలలు కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో, 1931లో కొంతకాలం మద్రాసులోని కాస్ట్ అండ్ గోషా ఆసుపత్రిలో పనిచేసింది. ఆమె పరిశోధన పత్రాలపై మెహతా, తల్పాడే, బిలిమోరియా వంటి భారతీయ సహపరిశోధకుల పేర్లు కనిపిస్తాయి.

విల్స్ మందుతో మొదలుపెట్టలేదు. జబ్బు ఎవరికి వస్తోంది, ఎవరికి రావడం లేదు అని చూసింది. కలిగిన ఇళ్ల స్త్రీలలో ఈ జబ్బు అరుదు. నగరంలోని నిరుపేద కుటుంబాల్లో, ముఖ్యంగా పేద ముస్లిం కుటుంబాల స్త్రీలలో ఎక్కువ. వాళ్ల తిండిలో పాలు, పళ్లు, కాయగూరలు, మాంసం చాలా తక్కువ. కాబట్టి కారణం తిండిలో ఉండి ఉండాలని ఆమె అనుకుంది.

మార్మైట్ చెప్పిన జవాబు

అనుకుంటే చాలదు, రుజువు కావాలి. ఆ స్త్రీలు తినే తిండినే ఆమె ప్రయోగశాలలో ఎలుకలకు పెట్టింది. చూలు ఎలుకలకు రక్తహీనత వచ్చింది. తిండిలో ఈస్ట్ కలిపితే రాలేదు. అయితే ఈ ప్రయోగంలో ఒక లోపం ఉందని తర్వాత తేలింది. ఎలుకల ఒంటిమీది పేల ద్వారా ఒక సూక్ష్మజీవి సోకి, వాటి రక్తహీనతకు అది కూడా తోడయింది. విల్స్ బృందం అక్కడితో ఆగిపోకుండా తర్వాత కోతులతో ప్రయోగాలు చేసింది. ప్రయోగంలో లోపం బయటపడితే సిగ్గుపడనక్కరలేదు, దాన్ని దాచిపెట్టకుండా సరిదిద్దుకోవాలి.

ఇంతలో అసలు పరీక్ష ఆసుపత్రి వార్డుల్లో జరిగింది. ఇంగ్లండులో మార్మైట్ అనే నల్లటి, ఉప్పటి ముద్దను రొట్టెమీద రాసుకుని తింటారు. బీరు తయారీలో మిగిలిపోయే ఈస్ట్ నుంచి దాన్ని చేస్తారు. ధర తక్కువ, చాలాకాలం నిల్వ ఉంటుంది. విల్స్ దాన్ని రక్తహీనతతో ఉన్న గర్భిణులకు ఇచ్చింది. కొద్ది రోజుల్లోనే వాళ్ల రక్తంలో లేత ఎర్ర కణాలు కనిపించాయి. ఎముక మజ్జ మళ్లీ పని మొదలుపెట్టిందని అర్థం. ఈ ఫలితాలను ఆమె 1931లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించింది.

అప్పటికే 1926లో అమెరికాలో మినో, మర్ఫీ అనే వైద్యులు ఇంకో రకం ప్రాణాంతక రక్తహీనతకు కాలేయం తినిపించి నయం చేశారు. బొంబాయి స్త్రీలది కూడా అదే జబ్బా? పైకి చూస్తే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. కానీ బాగా శుద్ధి చేసిన కాలేయ సారం ఆ జబ్బుకు పనిచేసింది, విల్స్ చూసిన జబ్బుకు పనిచేయలేదు. ఈస్ట్‌లో ఉన్నది వేరే పదార్థమని దీనివల్ల తేలింది. పేరు తెలియదు కాబట్టి దాన్ని కొంతకాలం 'విల్స్ పదార్థం' అని పిలిచారు.

ఏది లోపించిందో తెలిసింది. ఇక రెండో ప్రశ్న: అసలు ఏమిటా పదార్థం?

భీమవరం నుంచి పెర్ల్ రివర్ దాకా

1941లో అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని అతి కొద్ది మోతాదులో వేరు చేశారు. లాటిన్ భాషలో 'ఫోలియం' అంటే ఆకు. ఆకులో దొరికింది కనుక దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు.

నాలుగు టన్నుల ఆకుకూర నుంచి చిటికెడు మందు వస్తే ఎంతమందికి సరిపోతుంది? దాన్ని ప్రయోగశాలలోనే తయారు చేయగలగాలి. ఆ పని న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో జరిగింది. అక్కడ పరిశోధనకు దిశానిర్దేశం చేసినవాడు మన యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టాడు. మద్రాసు వైద్య కళాశాలలో చదివాడు. ఆయన అన్నగారు స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. ఆ జబ్బులో పేగులు ఆహారంలోని సారాన్ని పీల్చుకోలేవు, మనిషి రక్తం లేక శుష్కించిపోతాడు. సుబ్బారావుకు కూడా అదే జబ్బు సోకితే, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో బతికి బయటపడ్డాడు. ఆ తర్వాత అమెరికా వెళ్లి హార్వర్డులో పరిశోధన చేశాడు, 1940లో లెడర్లీలో చేరాడు.

1945లో ఆయన నేతృత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసినట్టు ప్రకటించింది. ఆ పత్రంపై 16 మంది పేర్లున్నాయి. ఒక్కరి మేధస్సుతో అయ్యే పని కాదది. ఆ మందు గర్భిణుల రక్తహీనతకు పనిచేసింది, స్ప్రూ జబ్బుకూ పనిచేసింది. సొంత అన్నను బలిగొన్న జబ్బుకు పనికివచ్చే మందు తన ప్రయోగశాల నుంచే రావడం సుబ్బారావు కళ్లారా చూశాడు.

ఇప్పుడు ఆ పెద్ద కణాల రహస్యం చెప్పుకుందాం. ఒక కణం రెండుగా విడిపోవాలంటే ముందు తనలోని డీఎన్ఏకు నకలు తీయాలి. డీఎన్ఏ నాలుగు అక్షరాలతో రాసిన పుస్తకం అనుకోండి. వాటిలో థైమిన్ అనే అక్షరం తయారు కావాలంటే ఫోలిక్ ఆమ్లం ఉండాలి. పాత అచ్చుయంత్రంలో ఒక్క అక్షరం అచ్చులు అయిపోతే పుస్తకం మొత్తం ఆగిపోతుంది కదా! ఇక్కడా అంతే. నకలు ఆగిపోతుంది, కణం విడిపోలేదు, కానీ దాని ఒళ్లు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. అందుకే రక్తకణాలు తక్కువ, ఉన్నవి పెద్దవి. కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు కొత్త కణాలు వేగంగా పుడతాయి కాబట్టి ఫోలిక్ ఆమ్లం అవసరం పెరుగుతుంది. పేదరాలి కంచంలో అది ముందే తక్కువ.

విటమిన్ బి12 1948లో వేరుపడింది. శుద్ధి చేసిన కాలేయ సారంలో మిగిలేది అదేననీ, ఫోలిక్ ఆమ్లం శుద్ధిలో పోతుందనీ తర్వాత అర్థమయింది. విల్స్ చూసిన తేడాకు కారణం అదే. ఇక్కడ ఒక హెచ్చరిక కూడా ఉంది. బి12 లోపం ఉన్నవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం మెరుగుపడుతుంది గాని నరాల జబ్బు లోపల ముదురుతుంది. అందుకే ఇలాంటి మందులు సొంతంగా ఎక్కువ మోతాదులో వాడకూడదు.

రక్తం నుంచి పిండానికి

ఫోలిక్ ఆమ్లం లేకపోతే కణ విభజన ఆగుతుంది. అలాగైతే హద్దు లేకుండా విభజన చెందే క్యాన్సర్ కణాలకు దాన్ని అందకుండా చేస్తే? సుబ్బారావు బృందం తయారు చేసిన అమినోప్టెరిన్ అనే ఫోలిక్ ఆమ్ల నిరోధకాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో ఫలితాలు ప్రచురించాడు. ఆ జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గడం అప్పటిదాకా ఊహించనిది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు.

ఆ మందుకు దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ మరో ప్రసూతి సమస్యలోనూ ఉపయోగపడింది. గర్భం గర్భాశయంలో కాకుండా బయట నాళంలో నిలిస్తే అది పగిలి తల్లి ప్రాణానికే ముప్పు వస్తుంది. 1982లో జపాన్ వైద్యులు ఇలాంటి స్థితికి మెథోట్రెక్సేట్‌తో చికిత్స చేసినట్టు ప్రకటించారు. తగిన సందర్భాల్లో దీనివల్ల శస్త్రచికిత్స తప్పుతోంది.

అయితే 1950ల మొదట్లోనే వైద్యులు ఇంకొకటి గమనించారు. గర్భం తొలినాళ్లలో అమినోప్టెరిన్ ఇస్తే పిండంలో తీవ్రమైన లోపాలు వచ్చాయి. ఫోలిక్ ఆమ్లం తల్లి రక్తానికే కాదు, పిండం రూపు కట్టడానికి కూడా కావాలన్న సూచన అందులో ఉంది. ఆ సూచనను పట్టుకోవడానికి పదేళ్లకు పైగా పట్టింది.

1965లో లివర్‌పూల్‌లో హిబ్బర్డ్, స్మిథెల్స్ అనే వైద్యులు లోపాలతో పుట్టిన బిడ్డల తల్లులను పరీక్షించారు. వారిలో ఫోలిక్ ఆమ్లం సరిగా వినియోగం కాని స్థితి ఎక్కువగా కనిపించింది. ముఖ్యంగా వాళ్ల దృష్టి నాడీనాళ లోపాల మీద పడింది.

నాడీనాళం అంటే ఏమిటి? పిండంలో మొదట నాడీకణాలు ఒక పలకలా ఉంటాయి. పరిచిన చాప రెండంచులూ పైకి లేచి కలుసుకున్నట్టు, ఆ పలక ముడుచుకుని గొట్టంగా మారుతుంది. పైభాగం మెదడు, కిందిభాగం వెన్నుపాము అవుతుంది. అంచులు పైన కలవకపోతే మెదడు, కపాలం ఏర్పడవు, ఆ బిడ్డ బతకదు. కింద కలవకపోతే వెన్నుపాము బయటికి తెరుచుకుని ఉంటుంది. అలాంటి బిడ్డల్లో చాలామందికి జీవితాంతం కాళ్లు చచ్చుబడిపోతాయి.

ఈ అంచులు కలుసుకునే పని గర్భం నిలిచిన 28 రోజుల్లోపు పూర్తవుతుంది. తర్వాత ఎంత మందు ఇచ్చినా విడిపోయిన అంచులు కలవవు. మూడో ప్రశ్న ఇలా వచ్చింది: ఎప్పుడు ఇవ్వాలి?

1817 మంది తల్లులు

స్మిథెల్స్ బృందం 1980లో ఒక ఫలితం ప్రకటించింది. అంతకుముందు నాడీనాళ లోపంతో బిడ్డను కన్న తల్లుల్లో కొందరు మళ్లీ గర్భం రాకముందు నుంచే విటమిన్లు వాడారు. వారికి కలిగిన 178 గర్భాల్లో ఒక్కదానిలోనే లోపం కనిపించింది. వాడనివారి 260 గర్భాల్లో 13 లోపాలు కనిపించాయి. తేడా పెద్దదే. కానీ మాత్రలు వేసుకున్నవారు తమంతట తాముగా ముందుకొచ్చినవారు. బహుశా వాళ్లు తిండి విషయంలోనూ ఎక్కువ జాగ్రత్త తీసుకుని ఉండవచ్చు. ఫలితం విటమిన్లదా, జాగ్రత్తదా? విటమిన్లదే అయితే ఏ విటమిన్‌ది? ఆ అధ్యయనం చెప్పలేకపోయింది.

దీన్ని తేల్చడానికి బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1983లో ఒక పెద్ద పరీక్ష మొదలుపెట్టింది. ఏడు దేశాల్లో 33 కేంద్రాలు. ఇంతకుముందు ఇలాంటి బిడ్డను కన్న 1817 మంది స్త్రీలను చీటీ వేసినట్టు నాలుగు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు ఫోలిక్ ఆమ్లం, ఒక గుంపుకు ఇతర విటమిన్లు, ఒక గుంపుకు రెండూ, ఒక గుంపుకు రెండూ లేవు. ఎవరికి ఏది అందుతోందో వాళ్లకూ తెలియదు, వాళ్ల వైద్యులకూ తెలియదు.

ఒకసారి ఆలోచించండి. ఒక బిడ్డను పోగొట్టుకున్న తల్లి మళ్లీ ఆశతో వస్తే, ఆమెకు పనిచేయవచ్చని అనుమానం ఉన్న మందు ఇవ్వకుండా ఉండడం న్యాయమా? అప్పట్లో దీనిమీద తీవ్రమైన వాదన జరిగింది. ఇవ్వకపోతే కొందరు తల్లులకు నష్టం జరగవచ్చు. రుజువు లేకుండా అందరికీ ఇస్తే, ఆ మందు పనికిరానిదైనా, హాని చేసేదైనా, ఎన్నటికీ తెలియదు. రెండు పక్షాల మాటలోనూ న్యాయం ఉంది. అందుకే ఒక స్వతంత్ర సంఘం మధ్యమధ్యలో లెక్కలు చూస్తూ ఉంది.

1991 ఏప్రిల్‌లో పరీక్షను ముందుగానే ఆపేశారు. అప్పటికి ఫోలిక్ ఆమ్లం అందిన 593 గర్భాల్లో 6, అందని 602 గర్భాల్లో 21 నాడీనాళ లోపాలు వచ్చాయి. అంటే ముప్పు 72 శాతం తగ్గింది. ఇతర విటమిన్ల వల్ల అలాంటి రక్షణ కనబడలేదు. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 1988లో మొదలుపెట్టిన ఇలాంటి అధ్యయనాన్ని కూడా ఈ ఫలితాలు రావడంతో ముగించారు. మరుసటి ఏడు, 1992లో, హంగరీలో చేసిన పరీక్ష అంతకుముందు ఇలాంటి బిడ్డ పుట్టని స్త్రీలలో కూడా రక్షణ ఉంటుందని చూపించింది.

విల్స్ పత్రం 1931లో వచ్చింది, ఈ రుజువు 1991లో వచ్చింది. మందు చేతికందిన తర్వాత కూడా, దాన్ని ఎప్పుడు వాడాలో నిర్ధారించడానికి 46 ఏళ్లు పట్టింది. విల్స్ 1964లోనే చనిపోయింది. తను వెతికిన పదార్థం కోట్లాది బిడ్డల వెన్నుపాముతో ముడిపడి ఉందని ఆమెకు తెలియదు.

ఇంకా మిగిలిన సమస్య

గర్భం నిలిచిన 28 రోజులకు చాలామంది స్త్రీలకు నెల తప్పిందన్న అనుమానం అప్పుడప్పుడే వస్తూ ఉంటుంది. ఆసుపత్రికి వెళ్లి పేరు నమోదు చేయించుకుని మాత్ర తెచ్చుకునేసరికి గడువు దాటిపోతుంది. కాబట్టి గర్భం రాకముందే శరీరంలో ఫోలిక్ ఆమ్లం నిల్వ ఉండాలి. రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భానికి ప్రయత్నించే నాటి నుంచి మొదటి మూడు నెలలు అవసరమని ఆరోగ్య సంస్థల సూచన. నాలుగో ప్రశ్న ఇదే: అవసరం పడుతుందని తెలియకముందే అందరికీ ఎలా అందించాలి?

అమెరికా 1998 నుంచి గోధుమపిండి వంటి ధాన్య ఉత్పత్తుల్లో ఫోలిక్ ఆమ్లం కలపడం తప్పనిసరి చేసింది. అక్కడ నాడీనాళ లోపాలు తగ్గాయి. మన దేశంలో 1970లోనే గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రల పథకం మొదలైంది. తర్వాత కిశోర బాలబాలికలకు వారానికొక మాత్ర ఇవ్వడం మొదలుపెట్టారు. 2018లో వచ్చిన రక్తహీనత ముక్త భారత్ కార్యక్రమం వీటిని ఒకచోటికి తెచ్చింది.

అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భిణుల్లో 52.2 శాతం, 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 59.1 శాతం రక్తహీనతతో ఉన్నారు. గర్భవతిగా ఉన్నప్పుడు 180 రోజులు మాత్రలు వేసుకున్నామని చెప్పిన తల్లులు 26 శాతమే, అంటే నలుగురిలో ఒకరు. మాత్ర వికారం పుట్టిస్తుంది, మలం నల్లగా వస్తుంది, ఎందుకో చెప్పేవారుండరు. కిటికీలోంచి బయటపడ్డ మాత్రలను నేనూ చూశాను.

వారానికొక మాత్ర గురించి కూడా నిజం చెప్పుకోవాలి. అది ప్రధానంగా రక్తహీనత తగ్గించడానికి. అందులో ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు. నాడీనాళ లోపాల నివారణ కూడా ఉద్దేశమైతే వారం మాత్రలో 2800 మైక్రోగ్రాములు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. కాబట్టి గర్భానికి సిద్ధపడే స్త్రీ వారం మాత్రతో సరిపెట్టుకోకుండా వైద్యుల సలహాతో రోజువారీ మాత్ర వాడాలి.

తిండి సంగతీ మరవకండి. పాలకూర, ఇతర ఆకుకూరలు, పెసలు, సెనగలు, మినుములు, వేరుశనగలలో ఈ విటమిన్ ఉంటుంది. ఇది నీటిలో కరుగుతుంది, వేడికి నశిస్తుంది. ఆకుకూర ఉడికించి నీళ్లు పారబోస్తే నాలుగు టన్నుల పాలకూర నుంచి శాస్త్రవేత్తలు కష్టపడి తీసినదాన్ని మనం తూములో పోసినట్టే.

ఇప్పుడు ఆ అమ్మాయికి జవాబు చెప్పగలం. "అమ్మా, ఈ మాత్ర ఈ రోజు నీ రక్తం కోసం. నువ్వు చదువుకోవడానికి, ఆడుకోవడానికి నీకు ఓపిక కావాలి, అందుకోసం. రేపెప్పుడైనా నువ్వు తల్లివి కావాలనుకుంటే, మీ అక్కలా ఆసుపత్రికి వెళ్లేదాకా ఆగకూడదని, ముందే మొదలుపెట్టాలని ఇప్పుడే తెలుసుకోవడం కోసం కూడా." ఈ మాట అబ్బాయిలకూ తెలియాలి. రేపు ఆ ఇంట్లో మాత్ర కొని తెచ్చేది వాళ్లే కావచ్చు.

మీరు ఆలోచించవలసిన ప్రశ్నలు

1. 1980 నాటి స్మిథెల్స్ అధ్యయనం కంటే 1991 నాటి పరీక్షను ఎక్కువగా ఎందుకు నమ్ముతాం?

2. మందు ఇవ్వని గుంపు ఉండడం న్యాయమా, కాదా? మీ తరగతిలో రెండు పక్షాలుగా వాదించండి.

3. మీ పాఠశాలలో గానీ కళాశాలలో గానీ ఎంతమంది ఈ మాత్ర వేసుకుంటున్నారు? వేసుకోనివారు చెప్పే కారణాలేమిటి? పేర్లు రాయకుండా కారణాలు మాత్రమే సేకరించి, మీ ఊరి ఆరోగ్య కార్యకర్తతో మాట్లాడండి. లూసీ విల్స్ కూడా ముందు చేసిన పని అదే. జబ్బు ఎవరికి, ఎందుకు వస్తోందో అడిగి తెలుసుకుంది.